కోపానికెంత వాలు

ఎర్మొలావో గారికి కోపమొస్తే అక్షరాలు కుడివైపుకి వాలతాయి. మామూలుగా ఉన్నప్పుడు నిటారుగా నిలబడతాయి. వెనిస్ మొత్తం మీద ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకడు అచ్చక్షరాలు చెక్కే లునార్దో. అతగాడు వేసవిలో జ్వరమొచ్చి పోయాడు. రెండో మనిషి అతని పెళ్ళాం తదేయా. ఆవిడకి చదవడం రాదు. కోపం తనదే అయినా, ఈ సంగతి ఎర్మొలావో గారికి మాత్రం తెలియదు. తెలిస్తే ఇంకా కోపమొచ్చేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయనకి కోపం రావడంలో తప్పేం లేదు. నలభై ఏళ్ళు ప్రభుత్వం వారి కచేరీలో లేఖరిగా చేసి, ఇక హాయిగా కిటికీ పక్కన కూర్చుని గుండెల నిండా గాలి పీల్చుకుందామని చిన్న కాలువ ఒడ్డున ఇల్లు తీసుకున్నాడు. ఆ కాలువ వెడల్పు ఎంతనుకున్నారు, ఒక పడవ వెళుతుంటే రెండోది ఆగాలి. అవతలి ఒడ్డున సరిగ్గా ఆయన కిటికీకి ఎదురుగా లునార్దో దాగలి. పొద్దున లేస్తే ఆ ఇనుపదిమ్మ మీద సుత్తి ఠంగు ఠంగు. పైగా ఆయనకి అచ్చు పుస్తకాలంటే ఒళ్ళుమంట. "సీసం ముక్కలు పేర్చి మసి పూసి నొక్కితే అది రాత ఎలా అవుతుందయ్యా? అది గుర్రానికి నాడా కొట్టడం" అనేవాడు.

అంచేత రోజుకో ఫిర్యాదు రాసేవాడు. రెండు కిటికీల మధ్యా బట్టలారేసుకునే తాడుంది, గిలకల మీద తిరుగుతుంది. దానికి బుట్ట కట్టి, అందులో కాగితం పెట్టి లాగేవాడు. లునార్దో ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని తీసుకునేవాడు.

ఎందుకంటే అప్పుడే అచ్చుకూటం యజమాని వెత్తోర్ అతనికి పెద్ద పని ఒప్పజెప్పాడు. జేబులో పట్టే చిన్న పుస్తకాలు వేస్తాడట. వాటికి చేత్తో రాసినట్టుండే వాలు అక్షరాలు కావాలట. పెద్దక్షరాలు పాత నిటారువే సరిపోతాయి, చిన్నక్షరాలు ఇరవై మూడు మాత్రం కొత్తగా చెక్కాలి. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కి, ఆ కడ్డీని రాగిముక్కలోకి దిగగొట్టి, ఆ గుంటలో సీసం పోస్తే అచ్చక్షరం పుడుతుంది. చెక్కడం చేతనైన పనే. మాదిరికి మంచి దస్తూరీ దొరకడమే కష్టం. లునార్దో ఊరంతా వెతుకుతుంటే మాదిరి బుట్టెక్కి ఇంటికే వచ్చింది. తంతే బూరెల గంపలో పడ్డట్టయింది.

అక్కడితో ఆగాడా? ఏ కోపానికి ఎంత వాలో లెక్క కట్టాడు. ఖాళీ దాగలి మీద పన్నెండు దెబ్బలు కొడితే వచ్చే ఫిర్యాదు అతనికి కావలసిన వాలులో ఉండేది. ఇరవై కొడితే అక్షరాలు బోర్లా పడిపోయేవి. "ఇవాళ ముసలాయన కొంచెం ఎక్కువ వాలాడే తదేయా, రేపు మెల్లిగా కొడతాను" అనేవాడు. పక్కన కూర్చుని ఆకురాయితో ఉక్కు అరగదీస్తూ తదేయా నవ్వేది. ఆవిడ కంసాలి కూతురు. పద్ధెనిమిదేళ్ళు ఆ బల్ల దగ్గరే మొగుడి పక్కన పనిచేసింది. చెక్కిన కడ్డీని కొవ్వొత్తి పొగలో పెట్టి కాగితం మీద నొక్కి మసిముద్ర తీసి, ఇదిగో ఇక్కడ నడుము లావైంది, ఇక్కడ తోక పొట్టిదైంది అని చెప్పేది ఆవిడే. అక్షరాల పేర్లు తెలియవు గనక తనే పేర్లు పెట్టుకుంది. ఒకటి కొంగ, ఒకటి కొడవలి, ఒకటి కడుపుతో ఉన్నావిడ, కింద తోక మెలితిరిగింది పాములాంటి చేప, మలుగుపాము.

పదిహేడు అక్షరాలయ్యాక లునార్దో పోయాడు. దినానికి బంధువులొచ్చారు, చేపలు వేయించాలి. దుఃఖంలో ఉన్న మనిషికి ఏ కాగితమైతేనేం, బల్ల కింద కనబడ్డ కట్ట తీసి పొయ్యిలో పెట్టింది. సార్డీన్ చేపలు బాగా వేగాయి. రెండేళ్ళ ఫిర్యాదులు బూడిదయ్యాయి.

ఆ తర్వాత వారానికి వెత్తోర్ వచ్చాడు. మంచివాడే గాని పని దగ్గర రాయి.

"చూడమ్మా తదేయా, ఈ ఇల్లూ, ఈ బల్లా నా అచ్చుకూటానివి. లునార్దో ఉన్నాడని ఇచ్చాను. నీ చెయ్యి నాకు తెలుసు, కాదనను. మిగిలిన ఆరూ నవంబరులో సాన్ మార్టిన్ పండగనాటికి తీసుకురా. ఇరవై మూడూ ఒకే చేతి రాత అనిపించాలి. అనిపిస్తే ఇకనుంచి నా అక్షరాలు చెక్కేది నువ్వే, ఈ ఇల్లు నీదే. లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాను."

"లేకపోతే" అన్న మాటకి రూపం ఉంది. దాని పేరు మెనెగో. లునార్దో అన్న, కియోజాలో ఉంటాడు, మలుగు చేపలకి ఉప్పేసే వ్యాపారం. ఊరందరూ ఇళ్ళు మారేది సాన్ మార్టిన్ పండగనాడే గనక, ఆ రోజే పడవ తెచ్చి మరదల్ని తీసుకెళ్ళిపోతానని అందరికీ చెప్పేశాడు. వాళ్ళింట్లో ఆరుగురు పిల్లలు, కాలు నొప్పితో మంచం దిగని తోడికోడలు, పీపాలకొద్దీ చేపలు. ఇక్కడ ఆ బల్ల దగ్గర కూర్చుంటే తదేయా పనిమంతురాలు. అక్కడికి వెళ్తే జీతం లేని పనిమనిషి. ఆవిడకి వెళ్ళాలని లేదు. ఆ మాట ఎవరూ అడగలేదు గనక ఎవరికీ చెప్పలేదు.

ముందు మాదిరి లేకుండా ఊహించి ఒకటి చెక్కింది. మసిముద్ర తీసి మిగతావాటి పక్కన పెట్టి చూస్తే, ఎవరి పెళ్ళో తెలియకుండా వచ్చి భోజనానికి కూర్చున్నవాడిలా ఉంది. ఉక్కుని మళ్ళీ అరగదీసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

సరే, ముసలాయన చేతే రాయించాలి. మర్నాడు పొద్దున కిటికీ తెరిచి, సుత్తి తీసుకుని, లెక్కపెట్టి పన్నెండు దెబ్బలు కొట్టింది. ఎదురు కిటికీ తెరుచుకుంది. గిలక కిర్రుమంది. బుట్ట వచ్చింది.

బుట్టలో గిన్నెడు బఠాణీల అన్నం, దాని మీద చీటీ ఉన్నాయి. తదేయా చీటీ విప్పి చూసింది. అక్షరాలన్నీ గుళ్ళో ప్రార్థనకి లేచి నిలబడ్డట్టు నిటారుగా ఉన్నాయి. సందు చివరి గుడి ఫాదరు దగ్గరికి పట్టుకెళితే ఆయన చదివి పెట్టాడు.

"భర్త పోయిన బాధలో దాగలి మీద బాదుకుంటున్నారని గ్రహించాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు బాదుకోండి. అన్నంలో ఉప్పు తగ్గితే వేసుకోగలరు." ఫాదరు కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత మంచి మనిషి."

"ఆ, చంపేస్తున్నాడు మంచితనంతో" అంది తదేయా.

మర్నాడు ఇరవై కొట్టింది. తేనె కలిపిన వైన్ వచ్చింది. ఆ మర్నాడు తడి దుప్పట్లు తెచ్చి, తాడంతా నింపి, ఆయన కిటికీలోకి వెలుతురు పోకుండా ఆరేసింది. ఆయన వాటిని ఆరాక మడతపెట్టి బుట్టలో పంపాడు, పైన చీటీతో. చేపలు కడిగిన నీళ్ళు ఆయన గుమ్మం వైపు పోసింది. లునార్దో ఆత్మశాంతికి గుళ్ళో వెలిగించమని కొవ్వొత్తి వచ్చింది. చివరికి పాట కూడా పాడింది. తదేయా పాట ఎలాంటిదంటే, దానికి లునార్దోయే దండం పెట్టి ఆపించేవాడు. ముసలాయన కిటికీలో నిలబడి చివరిదాకా విని చప్పట్లు కొట్టాడు. రోజురోజుకీ చీటీలు మర్యాదగా అవుతున్నాయి. ఏడో చీటీ నాటికి అక్షరాలు ఎడమవైపుకి వాలేట్టున్నాయి.

పండగ ఇంకా మూడు వారాలుందనగా మెనెగో సామాను చూసుకోవడానికి వచ్చాడు. గిన్నెలు ఎత్తి చూసి, మంచం ఊపి చూసి, బల్ల దగ్గరికొచ్చాడు.

"ఈ ఆకురాళ్ళు ఎందుకు పనికొస్తాయమ్మాయ్?"

"మా నాన్నవి. ఉక్కు అరగదీస్తారు బావగారూ."

"మలుగు పొలుసు గీకడానికి బాగుంటాయి."

"మలుగుకి గీకేంత పొలుసెక్కడిది బావగారూ?"

"ఎదురు చెప్పడం కూడా నేర్చావే. ఫర్వాలేదు, మా ఆవిడ సరిచేస్తుంది" అని, ఉల్లిపాయలూ వెనిగరూ వేసి ఊరబెట్టిన సార్డీన్లు పళ్ళెంలో ఒక్కటి మిగల్చకుండా తిని వెళ్ళాడు.

ఆ పళ్ళెం కడుగుతూ తదేయా నిశ్చయించుకుంది. ముసలాయనకి నిజం చెప్పేయాలి, దానికైనా కోపం రాకపోతుందా. అది కొరివితో తల గోక్కోవడమని ఆవిడకి తెలుసు. ఆయన తిన్నగా న్యాయాధికారుల దగ్గరికి పోతే, అక్షరాలు లాక్కుంటే, గొడవంటే భయపడే వెత్తోర్ ఆ రోజే తలుపు మూస్తాడు. అయినా ఊరుకుంటే ఎలాగూ కియోజాయే. పదిహేడు అక్షరాల మసిముద్రలున్న కాగితం మడిచి రొంటిన దోపుకుని, వంతెన దాటి వెళ్ళి తలుపు కొట్టింది.

ఎర్మొలావో గారు స్వయంగా కుర్చీ వేశాడు. "కూర్చో అమ్మా. మొన్నటి పాటలో రెండో చరణం బాగుంది."

తదేయా కూర్చోలేదు. కాగితం ఆయన చేతిలో పెట్టింది. "అయ్యగారూ, ఇవెవరివో గుర్తుపడతారా?"

ఆయన కళ్ళద్దం పెట్టుకుని చూశాడు. "నావే. కానీ నేనెప్పుడూ ఇలా విడివిడిగా రాయలేదే."

"రాసినవి కాదండి. మా ఆయన చెక్కాడు. మీరు తిడుతూ పంపేవారు చూడండి, ఆ కాగితాలు చూసి చెక్కాడు. అవి పొయ్యిలో కాలిపోయాయి. మీకు కోపం తెప్పించడానికి ఖాళీ దాగలి మీద కొట్టేవాడు. ముందు ఉక్కు, తర్వాత రాగి, తర్వాత సీసం. ఇంకో ఏడాదికి ఊళ్ళో అందరి జేబుల్లోనూ మీ దస్తూరీయే ఉంటుంది, అచ్చులో."

ఆయన కాగితం మడిచాడు. తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. తలుపు చూపించాడు.

తదేయా వంతెన మీద నిలబడి ఏడ్చింది. కోపం తెప్పిద్దామని వెళ్ళింది, వచ్చింది కోపమో బాధో కూడా తెలియలేదు. అన్నం పంపినవాణ్ణి, దుప్పట్లు మడతపెట్టి పంపినవాణ్ణి దొంగదెబ్బ తీశామని మొదటిసారి సిగ్గేసింది. లునార్దో ఉంటే అతన్ని నాలుగు తిట్టేది.

మూడు రోజులు ఎదురు కిటికీ తెరుచుకోలేదు. నాలుగో రోజు గిలక కిర్రుమంది. బుట్టలో అన్నం లేదు. మైనం ముద్ర వేసిన లావుపాటి కట్ట ఉంది. పన్నెండు కాగితాలు. మొదటి కాగితం మీద అక్షరాలు కొంచెం వాలి ఉన్నాయి, రెండో దాని మీద ఇంకాస్త, పోనుపోను పన్నెండో కాగితానికి వచ్చేసరికి పంక్తులకు పంక్తులు నేలమీద పాకుతున్నాయి. తదేయా కట్ట గుండెకి హత్తుకుని ఫాదరు దగ్గరికి పరిగెత్తింది.

ఫాదరు రెండు కాగితాలు చదివేసరికే చెమటలు పట్టాయి. "అమ్మా, ఇది న్యాయాధికారులకి రాసిన ఫిర్యాదు. అసలు కాగితం వాళ్ళకిచ్చాడట. ఇది నీ నకలు."

"నాకెందుకండీ నకలు?"

"నింద మోసినవాళ్ళకి స్వహస్తంతో రాసిన నకలు అందకపోతే ఫిర్యాదు చెల్లదట. అదీ రాశాడు."

నలభై ఏళ్ళు ఆ కచేరీలో కూర్చుని, నకలు లేదని ఎంతమందిని గుమ్మంలోంచే వెనక్కి పంపాడో ఆ మహానుభావుడు. ఇప్పుడు దొంగ చేతికి దొంగసొత్తు తానే ఇస్తున్నాడని తట్టలేదు. తట్టినా ఇచ్చేవాడే, నిబంధన నిబంధనే మరి.

"నిన్ను దొంగ అని పదకొండుసార్లు రాశాడమ్మా" అన్నాడు ఫాదరు జాలిగా.

"ఆ పదకొండూ ఒకే వాలులో ఉన్నాయా ఫాదర్?"

లేవు. కానీ నాలుగో కాగితం మీది కోపం పాత కోపంతో అచ్చంగా సరిపోయింది. పన్నెండు దెబ్బల కోపం. మిగిలిన ఆరు అక్షరాల్లో అయిదు ఆ కాగితం మీదే దొరికాయి. ఆరోది మలుగుపాము. అది మొత్తం ఫిర్యాదులో ఒకే ఒక్కచోట, పన్నెండో కాగితం అడుగున, ముసలాయన ఆవేశం నెత్తికెక్కాక వచ్చింది. అది వాలడం కాదు, పడుకుంది. తదేయా దాన్ని లేపి కూర్చోబెట్టడానికి పదిసార్లు చెక్కింది, పదిసార్లు అరగదీసింది. పదకొండోది ఇక ఇంతేలే అనుకుంది.

సాన్ మార్టిన్ పండగనాడు పొద్దున్నే మెనెగో పడవ తెచ్చి మంచం, గిన్నెలు, ఆకురాళ్ళు అన్నీ ఎక్కించేశాడు. "అచ్చుకూటం దారిలోనే కదా, నీ ముక్కలేవో ఇచ్చేసి వచ్చెయ్యి" అన్నాడు. పడవని అచ్చుకూటం మెట్లకి కట్టి తనూ లోపలికొచ్చాడు.

కొత్త అక్షరాలు వస్తే, ఏ మాదిరి చూసి చెక్కారో ఆ కాగితాన్నే పేర్చి, అచ్చు తీసి, పక్కపక్కన పెట్టి చూడటం వెత్తోర్ పద్ధతి. సీసం పోత ఇంటి దగ్గరే ముందే అయిపోయింది, కాబట్టి పనివాళ్ళు నాలుగో కాగితం, పన్నెండో కాగితం అడుగుభాగం పేర్చారు. పేరుస్తూ ఒకటే నవ్వు. "అక్షరచోరులు, సీసపు పురుగులు, మసిమూతి మూక" అని ఒకడు చదువుతుంటే ఇంకొకడు పొట్ట పట్టుకున్నాడు. అచ్చు తీశారు. వెత్తోర్ తడి కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"బాగుంది. లునార్దో చెక్కినదేదో నువ్వు చెక్కినదేదో నాకు తెలియడం లేదు" అన్నాడు. తదేయాకి ఊపిరి ఆడింది. "కానీ ఇదేంటి, ఈ తోకది? ఇది వీటి చుట్టం కాదు. ఒకే చెయ్యి అనిపించాలన్నాను కదా. ఒప్పుకోను."

"పదమ్మాయ్, పోటు తగ్గిపోతోంది" అన్నాడు మెనెగో.

అప్పుడే గుమ్మంలో ఎర్మొలావో గారు నిలబడ్డారు, చంకలో కాగితాల కట్టతో. ఫిర్యాదులో నింద పడ్డవాళ్ళు ఇద్దరు. రెండోవాడు వెత్తోర్. అతని నకలు అతనికి అందాలి కదా. కట్ట బల్ల మీద పెట్టబోయి, అక్కడున్న అచ్చు కాగితాన్ని చూసి ఆగిపోయారు. కళ్ళద్దం తీసి పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. పనివాళ్ళు నవ్వడం మానేశారు.

"ఇవి చెక్కిందెవరు?"

"చివరి ఆరూ నేనేనండి" అంది తదేయా నేలచూపులు చూస్తూ.

ఆయన ఏమనేవారో గాని, ఈలోగా ఆయనెవరో తెలియని వెత్తోర్ తదేయాకి తోడొచ్చిన పెద్దమనిషి అనుకుని వేలు పెట్టి చూపించాడు. "మీరే చెప్పండి పెద్దాయనా, ఈ తోకదాని సంగతి. అసలు ఆ రాసినవాడికే ఈ అక్షరం రాయడం చేతకాదనుకుంటాను."

ఎర్మొలావో గారి మెడ ఎర్రబడింది.

"చేతకాదా? ఇదే అక్షరం సుల్తానుకి వెళ్ళిన లేఖలో మూడుచోట్ల రాశాను నేను. అది చూసి వాళ్ళ రాయబారి ఇంకోసారి రాసి చూపించమని అడిగాడు. నువ్వు, మసి చేతులవాడివి, నాకు చెబుతావా? ఏదీ కలం?"

ఎవరో కలమందించారు. ఆయన తన ఫిర్యాదు కట్టే తిరగేసి దాని వెనక పెద్ద గీత లాగినట్టు రాసి చూపించారు. తదేయా ఆయన ముఖం చూడలేదు, కాగితం చూసింది. మలుగుపాము. సరిగ్గా పన్నెండు దెబ్బల కోపం, వెంట్రుకవాసి తేడా లేదు.

"అయ్యగారూ, ఇంకొక్కటి రాయండి."

"నువ్వు మాట్లాడకు, దొంగవి" అని ఇంకో ఆరు రాశారు.

వెత్తోర్ వంగి చూశాడు, అచ్చు చూశాడు, మళ్ళీ చూశాడు. అతనికి బోధపడటానికి కొంచెం టైం పట్టింది. "ఇది చెక్కడానికి ఎన్నాళ్ళు కావాలి తదేయా?"

"వారం."

"వారమే. తేగలిగితే మన మాట మాటే, ఇల్లూ బల్లా నీవి."

"వారం లేదు, గీరం లేదు" అన్నాడు మెనెగో. "ఇంటిపెద్దని నేను. సామాను పడవెక్కింది. ఇవాళ వెళ్ళాల్సిందే. పిల్లలు ఎదురుచూస్తున్నారు."

వెత్తోర్ చేతులెత్తేశాడు. "అది మీ ఇంటి గొడవ, నేనేం మాట్లాడను."

తదేయా ఆ కాగితం పట్టుకుని నిలబడింది. ఇంత చేసి, ఏడు మలుగులు చేతిలో పెట్టుకుని, మలుగులకి ఉప్పు పుయ్యడానికి వెళ్ళాలి. ఎర్మొలావో గారు ఆవిడ వంక చూశారు, గుమ్మంలోంచి కనబడుతున్న పడవ వంక చూశారు, అందులో బోర్లించిన మంచం వంక చూశారు.

"ఎక్కడికి తీసుకెళుతున్నావయ్యా ఈవిడని?"

"కియోజాకి. మా మరదలు."

"వీల్లేదు" అన్నారాయన, నలభై ఏళ్ళు కచేరీలో మాట్లాడిన గొంతుతో. "ఈవిడ మీద ఫిర్యాదుంది. నకలు అందింది. నకలు అందినవాళ్ళు విచారణ ముగిసేదాకా ఊరు దాటకూడదు. దాటిస్తే దాటించినవాణ్ణి లోపలేస్తారు."

మెనెగో ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఎన్నాళ్ళు పడుతుంది విచారణ?"

"పన్నెండు కాగితాల ఫిర్యాదు. సాక్షులు, పాత కాగితాలు, అవి కాలిపోయాయి గనక వాటి మీద వేరే విచారణ." ఆయన లెక్కవేసుకున్నారు. "నా అనుభవంలో ఎనిమిదేళ్ళకి తక్కువ నేనెప్పుడూ చూడలేదు."

"మరి నా పిల్లల్నెవరు చూస్తారు?"

"మీ పిల్లలే కదా బావగారూ" అంది తదేయా.

పనివాళ్ళే వెళ్ళి పడవలోంచి మంచం దించారు. ఎర్మొలావో గారు ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగుతుంటే తదేయా వెనకాలే పరిగెత్తింది. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి.

"అయ్యగారూ, మీకు దండం పెడతాను. నా మీద ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోకండి."

"తీసుకుంటానని ఎవరన్నారు?" అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే.